ఏడాది చదివిన టీనేజీ నవలల్లో మనకు నిజంగా నచ్చినవి ఏవో తేల్చుకోవడం ఎట్లా

మొన్న డిసెంబరు ఆఖరి ఆదివారం సాయంత్రం మిద్దె మీద కూర్చుని, మా అక్క కూతురూ నేనూ ఆ ఏడాది చదివిన నవలలన్నీ లెక్క తీశాం. తను ఇంటర్ మొదటి సంవత్సరం, కడపలోనే మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు వాళ్లు. 14 నవలలు మొదలుపెట్టాం, 11 పూర్తిచేశాం, మూడు మధ్యలో వదిలేశాం. నోటుబుక్కు తెరవకుండా గుర్తున్నవి చెప్పమంటే, చదివిన రోజు "ఇంతకన్నా మంచి పుస్తకం ల్యాదు చిన్నమ్మా" అని ఎగిరిన రెండు నవలల పేర్లు తనకు అసలు రాలేదు. విసుగ్గా ఉందని రెండుసార్లు పక్కన పడేసిన పుస్తకం మాత్రం అన్నిటికంటే ముందు నోట్లోంచి వచ్చింది.

ఆ రోజే నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది, అందుకే రాస్తున్నా. ఇంట్లో తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలున్న అమ్మానాన్నలకు, పిన్నమ్మలకు, మామలకు, టీచర్లకు, ఆ వయసులో ఉన్న మీకే అయినా సరే, ఇది పనికొస్తుంది. పుస్తకం నచ్చిందో లేదో చదివిన రోజు తేలదు, కొన్ని నెలలు పోయాక తేలుతుంది. ఆ తేలేదాన్ని జారిపోనీయకుండా పట్టుకోవాలంటే మనం ముందుగానే కొంచెం ఏర్పాటు చేసుకోవాలి. కింద చెప్పేదంతా ఆ ఏర్పాటు గురించే.

ఏ నవలలు వెతకాలి

ఇంగ్లిష్ పుస్తకాల షాపుకు పోతే యంగ్ అడల్ట్ అని ఒక అర విడిగా ఉంటుంది, సుమారుగా 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం. మన తెలుగు షాపుల్లో ఆ అర కనపడదు. పిల్లల బొమ్మల పుస్తకాలు ఒక పక్క, పెద్దల నవలలు ఇంకో పక్క, మధ్యలో పోటీ పరీక్షల గైడ్లు. 1947 జులైలో చందమామ మొదలైన దగ్గర్నుంచి చూసుకున్నా పిల్లల కథలకు మనకు కొదవ లేదు, కానీ పదమూడేళ్లకు ఆ కథలు చాలవు, పెద్దల నవలలేమో ఇంకా అందవు, సరిగ్గా అక్కడే పిల్లలు చదవడం మానేస్తున్నారు. నేను చూసిన చాలా ఇళ్లల్లో ఇదే జరిగింది.

కాబట్టి అర పేరు చూసి కాకుండా లోపల ఏముందో చూసి వెతకండి. నేను చూసేవి మూడే. కథలో ముఖ్యమైన మనిషి వయసు పన్నెండుకూ ఇరవైకీ మధ్య ఉండాలి, ఒకట్రెండేళ్లు అటూ ఇటూ అయినా పర్వాలేదు. ఏదో ఒక నిర్ణయం పెద్దవాళ్లు కాకుండా ఆ పిల్లో పిల్లవాడో సొంతంగా తీసుకోవాల్సి రావాలి. మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యం: చెప్పే గొంతు ఆ వయసుకు దగ్గరగా ఉండాలి, నలభై ఏళ్లాయన వెనక్కి తిరిగి చూసి బుద్ధులు చెబుతున్నట్టు ఉంటే ఆ పుస్తకాన్ని పిల్లలు రెండో అధ్యాయంలోనే మూసేస్తారు.

ఈ మూడో మాట ఎందుకు చెబుతున్నానంటే, ఎస్.ఇ. హింటన్ 'ది అవుట్‌సైడర్స్' అనే నవల 1967లో వచ్చింది, అమెరికాలో టల్సా అనే ఊళ్లో హైస్కూలు చదువుతూ ఆ అమ్మాయి పదిహేనేళ్లకే దాన్ని రాయడం మొదలుపెట్టింది. తన చుట్టూ ఉన్న పిల్లల బతుకు ఏ పుస్తకంలోనూ కనపడక తానే రాసుకుంది. మగపిల్లల ముఠాల కథ ఆడపిల్ల రాసిందంటే చదవరేమోనని ప్రచురణకర్తలు పూర్తి పేరు కాకుండా పొడి అక్షరాలు వేయించారు. ఈ సంగతి చెప్పగానే అంతవరకూ దిండుకు ఆనుకుని వింటున్న మా పాప, అదే మా అక్క కూతురు, లేచి కూర్చుంది. "నా వయసులో రాసిందా?" అని రెండుసార్లు అడిగి ఆ రాత్రే మొదలుపెట్టింది. రచయిత గురించి ఇట్లాంటి ఒక్క నిజం ముందు చెప్పి చూడండి, కథా సారాంశం చెప్పడం కన్నా బాగా పనిచేస్తుంది.

ఇంకో సంగతి. అర పేరు ప్రచురణకర్త పెట్టేది, పుస్తకంతో పుట్టేది కాదు. మార్కస్ జూసాక్ రాసిన 'ది బుక్ థీఫ్' 2005లో ఆస్ట్రేలియాలో పెద్దల నవలగా వచ్చింది, అమెరికాలో అదే పుస్తకాన్ని టీనేజీ పిల్లల నవలగా వేశారు. అందుకే తెలుగులో పెద్దల అరలో ఉన్నవాటిని కూడా ఈ కళ్లతో ఒకసారి తిరగేయండి. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు' అట్లాంటిదే, సుందరం అనే పిల్లవాడు అక్షరాభ్యాసం దగ్గర్నుంచి యువకుడయ్యేదాకా సాగుతుంది. మా పాపకు దాన్ని ఎవరూ టీనేజీ నవల అని చెప్పలేదు, తనే చెప్పింది నాకు.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి

అన్నీ కొనాల్సిన పని లేదు. మేము ఏడాదికి నాలుగే కొన్నాం. మీ ఇంటిపన్ను రసీదు తీసి చూడండి, అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక వరుస ఉంటుంది. 1960 నాటి మన గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు పోతుంది. అంటే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఉన్న ప్రతి పుస్తకానికీ మనం ముందే కొంత కట్టేశాం. పోయి సభ్యత్వం తీసుకోండి, పిల్లల పేరు మీదే తీసుకోండి, కార్డు మీద తన పేరు ఉండటం వాళ్లకు చాలా పెద్ద విషయం. గ్రంథాలయంలో 'టీనేజీ నవలలు ఉన్నాయా' అని అడిగితే లేవనే అంటారు, అనువాద నవలలు ఎక్కడున్నాయని అడగండి, ఆ బీరువాలోనే సగం సంపద ఉంటుంది.

కడపలో ఉండేవాళ్లయితే ఎర్రముక్కపల్లెలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఉందని తెలిసే ఉంటుంది. 1820లో ఈ ఊరికి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే తెలుగులో పడి, సొంత డబ్బుతో పండితులను పెట్టి పాత పుస్తకాలను బతికించిన మనిషి బంగళా ఉన్న చోటు అది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి అక్కడ గ్రంథాలయం నిలబెట్టారు. పిల్లలను ఒక్కసారైనా అక్కడికి తీసుకుపోండి. నవలల కోసమే కాకపోయినా, అన్ని పుస్తకాల మధ్య కాసేపు కూర్చోవడానికైనా.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇంగ్లిష్ పేపర్‌బ్యాక్ మూడు నాలుగు వందలు ఉంటే, సగం ధరకే వస్తోందని ఒకసారి ఆన్‌లైన్‌లో తెప్పించాం. దొంగ ప్రింటు. కాగితం పల్చన, అక్షరాలు మసక, అంతకన్నా దారుణం ఏంటంటే 16 పేజీలు రెండుసార్లు వచ్చి ఆ తర్వాత రావాల్సిన 16 పేజీలు లేనేలేవు. కథ సరిగ్గా ముడిపడే చోట. పుస్తకాలు 16 పేజీల ఫారాలుగా అచ్చయి కుట్టబడతాయి కాబట్టి తప్పు జరిగితే ఒకేసారి అన్ని పేజీలు పోతాయి. పుస్తకం చేతికి రాగానే పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో గబగబా తిప్పి చూసుకోండి, చదవడం మొదలుపెట్టాక తెలిస్తే వెనక్కి పంపే గడువు దాటిపోతుంది.

అనువాదాలకు నాదొక చిన్న పరీక్ష ఉంది. సంభాషణలున్న రెండు పేజీలు పైకి చదవండి. ఆ మాటలు నోట్లో తిరిగితే తీసుకోండి, 'నేను నిన్ను క్షమించబడ్డావని భావిస్తున్నాను' లాంటి వాక్యం ఒక్కటి తగిలినా పెట్టేయండి. పెద్దవాళ్లం ఎట్లాగో సర్దుకుని చదువుతాం, పిల్లలు తప్పు తమదనుకుంటారు, తమకు తెలుగు రాదనుకుంటారు.

ఏ నెలలో ఏది

కోచింగూ పరీక్షలూ మధ్య పిల్లలకు టైం ఎక్కడిది అని అందరూ అడుగుతారు. ఉంది, కానీ ఒకే రకంగా ఉండదు. అందుకే నెలకొకటి అని లెక్క పెట్టుకోవద్దు, రెండో నెలకే తప్పి టెన్షన్ మొదలవుతుంది. సెలవులను బట్టి వేసుకోండి. మార్చిలో పరీక్షలు అయిపోయాక, మన ఎండలకు పదకొండు దాటితే బయట అడుగు పెట్టలేని ఏప్రిల్, మే నెలలే అసలైన చదువు కాలం. 500 పేజీల లావు నవలలన్నీ అప్పటికి దాచిపెట్టండి. దసరా సెలవులకు ఒకటి, సంక్రాంతికి ఒకటి. పరీక్షలున్న నెలల్లో కొత్తది మొదలుపెట్టించకుండా, ఇంతకుముందు చదివినదాంట్లో నచ్చిన అధ్యాయం మళ్లీ చదువుకోమనండి, పడుకునే ముందు పది నిమిషాలు. మళ్లీ చదివించుకోగలిగిందా లేదా అన్నది కూడా మన లెక్కకు పనికొచ్చే సంగతే.

వదిలేయడానికి ముందే ఒప్పుకోండి. మేము పెట్టుకున్న నియమం 40 పేజీలు. 40 పేజీలు చదివాక కూడా లోపలికి పోబుద్ధి కాకపోతే వదిలేయొచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు. కానీ పుస్తకాన్ని వెంటనే తిరిగి ఇచ్చేయకుండా ఒక నెల ఇంట్లోనే కనపడే చోట పెట్టాలి. మేము వదిలేసిన మూడింట్లో రెండు, ఫోనులో ఎవరో గొప్పగా చెప్పారని చూసి తెప్పించినవి. అవి నెల రోజులు బల్ల మీద ఉన్నా ఎవరూ ముట్టుకోలేదు.

నోటుబుక్కు, అసలు పని ఇక్కడే

200 పేజీల మామూలు లాంగ్ నోటుబుక్కు చాలు. ఒక్కో నవలకు ఒక పేజీ. పైన పేరు, రచయిత, మొదలుపెట్టిన తేదీ, పూర్తయిన తేదీ. పూర్తయిన రోజు ఏమీ రాయొద్దు. మరుసటి రోజు పొద్దున, కాఫీ తాగేటప్పుడో కాలేజీ బస్సు కోసం నిలబడ్డప్పుడో, ఒక్క వాక్యం రాయాలి. బాగుంది, బాగాలేదు అన్న మాటలు వాడకూడదు. ఏది కనపడిందో అది రాయాలి, ఏ మనిషి, ఏ చోటు, ఏ మాట. దాని కింద పది గీతలు ఖాళీ వదలాలి.

ఆ ఖాళీ కోసమే ఇదంతా. వారాలో నెలలో గడిచాక, వంట చేస్తుంటేనో బస్సులో పోతుంటేనో ఆ నవల తనంతట తాను గుర్తొస్తే, ఆ తేదీ వేసి, ఏం చేస్తుండగా గుర్తొచ్చిందో అక్కడ రాయాలి. నోటుబుక్కు చూసి గుర్తు తెచ్చుకుని రాయడం కుదరదు. దానంతట అది రావాలి.

మా పాప పేజీ ఒకటి తన అనుమతితోనే ఇక్కడ పెడుతున్నా. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 'పథేర్ పాంచాలి', 1929లో వచ్చిన బెంగాలీ నవల, మద్దిపట్ల సూరి గారి తెలుగు. మరుసటి రోజు రాసిన వాక్యం: 'చాలా మెల్లగా ఉంది, చెట్ల పేర్లు ఎక్కువ.' తను రెండుసార్లు పక్కన పెట్టిన పుస్తకం ఇదే. నెలన్నర తర్వాత అదే పేజీలో: 'రాత్రి రెండింటికి నీళ్లు తాగడానికి లేస్తే గూడ్సు పోతోంది. దుర్గ గుర్తొచ్చింది.' మేముండేది ముంబై, చెన్నై రైలు దారికి దగ్గర్లో, రాత్రంతా రైళ్ల చప్పుడు వినపడుతూనే ఉంటుంది, పుట్టినప్పట్నుంచి విన్న చప్పుడే. జ్వరంలో పడుకున్న దుర్గ, నాకు నయమయ్యాక ఒకసారి రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడిగే చోటు ఒకటుంది ఆ నవలలో. ఆ తర్వాత ఇంకో మూడు తేదీలు పడ్డాయి ఆ పేజీలో. ఆఖరిది అయితే వాళ్ల తమ్ముడు ఏదో పిచ్చికాయ తెచ్చి చేతిలో పెట్టినప్పుడు. ఆ పిల్ల ఇప్పుడు చెట్ల పేర్లు అడుగుతోంది నన్ను, నాకే సగం తెలీవు.

పిల్లలతో ఎట్లా మాట్లాడాలి

'ఈ నవల చదివి ఏం నేర్చుకున్నావు' అని దయచేసి అడగొద్దు. ఆ ప్రశ్న వినగానే నవల కాస్తా పాఠమైపోతుంది, పిల్లలు మనకు కావాల్సిన జవాబు చెప్పి తప్పుకుంటారు. 'ఎవరి మీద కోపమొచ్చింది' అని అడగండి. 'ఎక్కడ ఆపి నిద్రపోయావు, అక్కడే ఎందుకు ఆపావు' అని అడగండి. ఇంకా మంచిది ఏంటంటే మీరూ అదే పుస్తకం చదివి, మీకెవరి మీద కోపమొచ్చిందో ముందు మీరే చెప్పండి. మా ఇద్దరికీ 'చదువు' విషయంలో గొడవే అయింది, సుందరం తల్లి గురించి నేనొకటి అంటే తనొకటి అంది. వారం రోజులు నడిచింది ఆ వాదన.

చావు, ప్రేమ, కులం, తాగే తండ్రి, ఇవన్నీ ఈ నవలల్లో వస్తాయి. ప్రేమ లేఖ ఉన్న పేజీ కనపడిందని పుస్తకం లాక్కోవద్దు. ఒక కాలేజీలో మా పాప బ్యాగులో నవల చూసి తీసేసుకున్నారు, సిలబస్ కాని పుస్తకం ఎందుకని. క్లాసులో తెరిచి చదువుతుంటే తప్పే, ఒప్పుకుంటాను, కానీ అది బ్యాగులో ఉంది. నాలుగు రోజులు తిరిగితే ఇచ్చారు. ఆ నాలుగు రోజులూ ఆ పిల్ల ఏదో దొంగతనం చేసినట్టు తలొంచుకుని తిరిగింది. అప్పట్నుంచి మేము పుస్తకానికి అట్ట వేసి, లోపల మొదటి పేజీలో 'ఇది మా అనుమతితో చదువుతోంది' అని రాసి పెద్దవాళ్లం సంతకం పెడుతున్నాం. మీకూ అవసరం పడితే అట్లా చేయండి.

మరీ బరువైన పుస్తకమైతే మీరు ముందు చదవండి, లేదా ఒకే వారంలో ఇద్దరూ చదవండి. 'ఏడు తరాలు' మేము అట్లాగే చదివాం. అలెక్స్ హేలీ 1976లో రాసిన ఆ పెద్ద పుస్తకాన్ని సహవాసి గారు బాగా కుదించి తెలుగు చేశారు. కుంటా కింటే అనే కుర్రవాడిని పదిహేడేళ్లకు ఆఫ్రికాలో తన ఊరి పక్కనే పట్టుకుని ఓడలో అమెరికాకు తోలుకుపోతారు. ఆ ఓడ అధ్యాయాన్ని ఏ పిల్లా ఒంటరిగా చదవకూడదు, పక్క గదిలో ఎవరో ఒకరు ఉండాలి, మధ్యలో లేచి వచ్చి మాట్లాడటానికి.

తెలుగు మీడియం పిల్లలకు మొదటి ఇంగ్లిష్ నవల

ఇది నన్ను ఎక్కువమంది అడిగే సంగతి. అనంతపురంలో ఉండే నా స్నేహితురాలి కొడుకు పదో తరగతి, ఇంగ్లిష్ నవల అంటేనే భయం. వాడికి లూయిస్ సాచర్ 'హోల్స్' ఇచ్చాం. 1998లో వచ్చింది, ఆ ఏడాది అమెరికాలో నేషనల్ బుక్ అవార్డు, మరుసటి ఏడాది న్యూబెరీ పతకం రెండూ దానికే. అవార్డుల కోసం ఇవ్వలేదు, 50 చిన్న చిన్న అధ్యాయాలుగా ఉంటుందని, వాక్యాలు పొట్టివని ఇచ్చాం. దొంగిలించని బూట్లకు శిక్షపడి స్టాన్లీ అనే కుర్రవాడు ఎండిపోయిన సరస్సు దగ్గర శిబిరానికి పోతాడు, అక్కడ రోజుకో గుంత తవ్వాలి, ఐదు అడుగుల లోతు, ఐదు అడుగుల వెడల్పు. నూరేళ్లకు ముందెప్పుడో నీళ్లున్న చెరువు, ఇప్పుడు మట్టీ ఎండా తప్ప ఏమీ లేని నేల, చేతుల నిండా బొబ్బలు. అనంతపురం పిల్లవాడికి ఇందులో అర్థం కానిది ఏముంటుంది? వాళ్ల తాత బోరు మీద బోరు వేయించి నీళ్లు పడక కూర్చున్న చేను వాడు చూశాడు. డిక్షనరీ అడక్కుండా రోజుకు రెండు అధ్యాయాలు చదివాడు.

కాబట్టి మొదటి ఇంగ్లిష్ పుస్తకానికి భాష తేలిగ్గా ఉండటం ఒక్కటే చూడకండి, అందులో ఉన్న నేల, ఎండ, ఆకలి, ఇల్లు ఆ పిల్లలకు తెలిసినవో కాదో చూడండి. తెలిసిన సంగతి అయితే తెలియని మాటను వాళ్లే ఊహించుకుంటారు. అర్థం కాని మాట కింద పెన్సిల్‌తో చుక్క పెట్టి ముందుకు పొమ్మనండి, అధ్యాయం అయిపోయాక వెనక్కి చూస్తే సగం చుక్కలు అక్కర్లేకుండా పోయుంటాయి.

ఏడాది చివర

డిసెంబరు ఆఖర్లో ఒక పూట తీరిక చేసుకోండి. నోటుబుక్కు మూసి పక్కన పెట్టి, గుర్తున్న పేర్లు వరసగా కాగితం మీద రాయమనండి, మీరూ వేరే కాగితం మీద రాయండి. ఆ తర్వాత నోటుబుక్కు తెరిచి ప్రతి పేజీలో కింద పడ్డ తేదీలు లెక్కపెట్టండి. కాగితం మీదా ఉండి, కింద కనీసం రెండు తేదీలూ ఉన్నవి, అవే ఆ ఏటి ఇష్టమైనవి. ఐదుకు మించనీయొద్దు. ఎక్కువ వస్తే మళ్లీ చదవాలనిపించేవి ముందుకు, మిగతావి వెనక్కి.

మావి ఐదు వచ్చాయి. 'పథేర్ పాంచాలి' గురించి చెప్పేశాను. 'అవుట్‌సైడర్స్' రెండోది. మూడోది 'చదువు'.

నాలుగోది లోయిస్ లోరీ 'ది గివర్', 1993 నాటి నవల. నొప్పి, ఆకలి, గొడవ ఏవీ లేకుండా అన్నీ పద్ధతిగా నడిచే ఒక ఊళ్లో, పన్నెండేళ్లు రాగానే ఎవరు ఏ పని చేయాలో పెద్దలే తేల్చి చెబుతారు. మన ఇళ్లల్లో పదో తరగతి అవగానే ఎంపీసీయా బైపీసీయా అని జరిగే చర్చ విన్న ఏ పిల్లకైనా ఈ పుస్తకం గుచ్చుకుంటుంది. దాని ఆఖరి పేజీ గురించి మేమిద్దరం ఇప్పటికీ ఒప్పుకోలేదు. రచయిత్రి ఆ తర్వాత దానికి సంబంధించిన ఇంకో మూడు నవలలు రాసింది, కానీ మొదటిది చదివి కనీసం రెండు నెలలు ఆగమని నా సలహా, ఆ ఆఖరి పేజీతో కొంతకాలం ఉండటం బాగుంటుంది.

ఐదోది మన నేల మీది పుస్తకం, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారి 'కొండపొలం'. ఆయనది మన కడప జిల్లానే. అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా పెట్టిన నవలల పోటీలో బహుమతి వచ్చింది, 2021లో సినిమాగా కూడా తీశారు. కరువు కాలంలో కింద మేత, నీళ్లు లేక గొర్రెల కాపరులు మందలను తోలుకుని నల్లమల అడవికి ఎక్కి వారాల తరబడి అక్కడే ఉంటారు, దాన్నే కొండపొలం పోవడం అంటారు. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం రాక, నలుగురిలో నోరు పెగలని కుర్రవాడు తండ్రితో కలిసి ఆ మంద వెంట పోతాడు. హీరో వయసు ఇరవై దాటింది, కాబట్టి లెక్క ప్రకారం టీనేజీ నవల కాదు. అయినా పెట్టాం, ఎందుకంటే ఇంటర్ పిల్లల భయం అంతా అందులో ఉంది, ఇంటర్వ్యూ భయం, ఇంగ్లిష్ భయం, నాన్న ముఖం చూడాలంటే భయం. పులికి భయపడటం వీటన్నిటి తర్వాతే. పైగా మాటలన్నీ మన మాటలు. మా పాప 40 పేజీల దగ్గర తలెత్తి "మన మాదిరే మాట్లాడతాండారు చిన్నమ్మా, ఇట్ల పుస్తకంలో రాయొచ్చా?" అంది. టీవీలోనూ పాఠాల్లోనూ తన మాట ఎప్పుడూ వినపడక, అది రాతకు పనికిరాదనుకుంది పదహారేళ్లూ. ఆ ఒక్క ప్రశ్న కోసమైనా సీమ పిల్లలందరి చేతా ఈ నవల చదివించాలని నాకు ఉంది. సినిమా చూశాం కదా అంటే ఒప్పుకోకండి, అడవిలో రోజులు గడిచే తీరు చదివితేనే తెలుస్తుంది.

ఇంకొకరికి చెప్పేటప్పుడు

జాబితా అయ్యాక ఒక్కో పుస్తకానికి నాలుగైదు వాక్యాలు రాయించండి. నక్షత్రాలు, మార్కులు వద్దు, పరీక్షల్లో వచ్చే మార్కులు చాలు. ఎవరి కథ, ఎంత వయసు, ఎక్కడ జరుగుతుంది, ఏం ఇబ్బంది వచ్చింది, ఇంతవరకే కథ చెప్పాలి. ఎన్నో పేజీ దగ్గర పట్టుకుంటుందో తప్పకుండా రాయాలి, ఎందుకంటే 60వ పేజీ దాకా ఓపిక పట్టు అని ఎవరైనా ముందే చెప్తే పిల్లలు పడతారు. చావు గానీ హింస గానీ ఉంటే ఆ మాట రాయాలి, ఎవరు చనిపోతారో రాయకూడదు. ఆఖర్న ఒక మనిషిని తలుచుకుని, ఈ పుస్తకం ఎవరికి ఇవ్వాలో రాయాలి. 'అందరూ చదవాలి' అంటే ఎవరూ చదవరు. 'హాస్టల్లో కొత్తగా చేరి రోజూ ఏడుస్తున్న మా క్లాసు పిల్లకు' అని రాసింది మా పాప 'అవుట్‌సైడర్స్' గురించి, రాసినట్టే ఆ పిల్లకు తీసుకుపోయి ఇచ్చింది. ఒకే కాపీ నలుగురు చదవాలంటే ఒక్కొక్కరికి పది రోజులు, అట్ట లోపల పేరూ తేదీ రాసి పక్కవాళ్లకు ఇవ్వాలి, పేజీ మూల మడవకుండా బస్సు టికెట్టు పెట్టుకోవాలి.

ఇంకొక్క పని మిగిలింది. మీ ఐదింట్లో గ్రంథాలయంలో దొరకనివి ఏవో చూసి, తెల్లకాగితం మీద పేరు, రచయిత, ప్రచురణ సంస్థ స్పష్టంగా రాసి, ఇవి తెప్పించమని గ్రంథాలయాధికారికి ఇవ్వండి. పిల్లల చేతే రాయించి, పిల్లల చేతే ఇప్పించండి, కింద మీ సభ్యత్వ నంబరు వేయండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని నెల తర్వాత పోయి వచ్చాయా అని అడగండి. మేము ఇచ్చింది జనవరి మొదటి వారంలో. రెండు వచ్చాయి, మిగతావాటి కోసం మళ్లీ వచ్చే నెల పోతాం.